ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా?

ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. "ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా?" అని అడుగుతోంది అవతలి గొంతు. అడిగినాయన మునిసిపాలిటీలో జనన మరణాల రిజిస్టరు రాసే గుమాస్తా కాదు, బీమా ఏజెంటు అసలే కాదు. బిజినెస్ స్కూళ్ల సీట్లకు దరఖాస్తులు దిద్దిపెట్టే కన్సల్టెంటు. ఇవతల నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు మా అక్క కొడుకు. వాడి వయసు 22 ఏళ్లు, వాడి ఉద్యోగం వయసు 14 నెలలు. వాడు కాసేపు ఇంటిల్లిపాదినీ మనసులో లెక్కపెట్టుకుని, హోంవర్కు చేయని పిల్లాడిలా నసిగాడు. "లేదండీ. అందరూ ఉన్నారు."

"తాతగారు?"

"అమ్మ వాళ్ల నాన్నగారు నేను పుట్టకముందే పోయారండీ."

"అయ్యయ్యో!"

ఆ అయ్యయ్యో మా నాన్న కోసం కాదు. ఒక మంచి చావు వృథా అయినందుకు. "మీరు దగ్గరుండి చూసి ఉండాలి. చూసి కదిలిపోవాలి. ఆ కదిలిపోవడంలోంచి మీ విజన్ పుట్టాలి. పోనీ, కేన్సరు లాంటిది ఎవరికైనా..."

కాఫీలో జంతిక నానబెట్టుకు తింటున్న మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, అక్కడే ఉంది. 84 ఏళ్ల మనిషి, చెవులు మాత్రం పాతికేళ్లవి. "ఒరే నాన్నా, నేను పోతే నీకు సీటొస్తుందంటే చెప్పు, మొహమాటపడకు. కార్తీకం వస్తోంది, మంచి నెలే. కాకపోతే ఆ దరఖాస్తేదో పంపించాక పోతాను. ముందే పోతే మైలని చెప్పి మీ అమ్మ నిన్ను కంప్యూటరు ముట్టుకోనివ్వదు" అంది.

అవతల గొంతులో ఉత్సాహం పుట్టింది. "ఎవరండీ ఆవిడ? ఆరోగ్యం ఎలా ఉంటుంది?"

ఈ దరఖాస్తుల లోకం భాషలో మా వాడు "యంగర్ క్యాండిడేట్". మన భాషలో, ఇంకా ఏమీ జరగనివాడు. పెద్ద స్కూళ్ల తరగతి గదుల్లో సగటు వయసు 27 దగ్గర తచ్చాడుతుంది, సగటు అనుభవం నాలుగైదేళ్లు. మన గచ్చిబౌలి ఐఎస్‌బీలో పేరున్న పీజీపీ కోర్సు గడప తొక్కాలన్నా కనీసం రెండేళ్ల ఉద్యోగం చూపించాలి. ఈ లెక్కన మా వాడి దగ్గర మూడు సరుకులు లేవు. ఏళ్లు, కింద పనిచేసే మనుషులు, దుఃఖం. ఏళ్లు ఎవరూ అమ్మరు. మనుషుల్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. దుఃఖం ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఆ తయారీకే కన్సల్టెంటు గారి ప్యాకేజీ. మూడు స్కూళ్లకు ఒక రేటు, ఐదింటికి ఇంకో రేటు, ఐదు తీసుకుంటే ఆరోది సగం ధరకే. పెళ్లి భోజనాలకు ప్లేటు లెక్క మాట్లాడినట్టే మాట్లాడారు. స్వీట్లు ఎన్ని రకాలో మాత్రం చెప్పలేదు.

స్కూళ్లు కూడా తక్కువేం తినలేదు. కుర్రాళ్లకు ఓపిక లేదని పసిగట్టి సీట్లకే అడ్వాన్సు బుకింగు తెరిచాయి. హార్వర్డ్ వాళ్ల "టూ ప్లస్ టూ"లో చదువు ఆఖరి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సీటు ఖాయమయ్యాక కనీసం రెండేళ్లు, మహా అయితే నాలుగేళ్లు ఎక్కడో ఉద్యోగం చేసుకుని వచ్చి చేరాలి. యేల్ వాళ్ల సిల్వర్ స్కాలర్స్ ఇంకో మెట్టు పైన. కాలేజీ నుంచి తిన్నగా రమ్మంటారు, మధ్యలో పనిలోకి పంపి మళ్లీ పిలుస్తారు. స్టాన్‌ఫర్డ్, వార్టన్, కొలంబియా, ఎంఐటీ, అందరూ తలా ఒక పేరుతో తలా ఒక కౌంటరు పెట్టారు. ఉయ్యాల్లో ఉండగానే సంబంధం ఖాయం చేసుకుని, పిల్ల పెద్దదయ్యాక కాపురానికి పంపే మన పాత పద్ధతే ఇది. బాల్యవివాహాల చట్టం దీనికి వర్తించదు కాబోలు.

మా వాడు ఆ ముహూర్తం కూడా దాటించేశాడు. ఆఖరి ఏడాదంతా క్యాంపస్ ప్లేస్‌మెంట్ల హడావుడిలో ఉండి వీటి పేరే వినలేదు. కాబట్టి పెద్దవాళ్ల వరసలోనే నిలబడాలి. ఆ వరసలో ముందు నిలబడ్డవాడు సైన్యంలో పటాలం నడిపి వచ్చాడు, వెనక నిలబడ్డావిడ బ్యాంకులో వందకోట్ల డీలు ముగించి వచ్చింది. మధ్యలో మా వాడు, మెడలో ఐడీ కార్డుతో.

మార్కుల సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. అది మాకు చేయి తిరిగిన పని. ప్రవేశ పరీక్ష జీమ్యాట్ 2023 చివర్లో కొత్త అవతారం ఎత్తింది. 45 నిమిషాల ముక్కలు మూడు, వ్యాసం తీసేశారు, రెండుంబావు గంటల్లో తతంగం పూర్తి. మార్కులు 205 నుంచి 805 దాకా, అన్నీ ఐదుతోనే ముగుస్తాయి, బాటా చెప్పుల ధర తొంభై తొమ్మిదితో ముగిసినట్టు. పాత లెక్కలో 700 వచ్చిందంటే వీధంతా చెప్పుకునేవాళ్లు. కొత్త లెక్కలో దానికి సమానం 645. ఈ మతలబు తెలియని మా అక్క, కొడుక్కి 685 వచ్చిందని విని ఒక పూట అన్నం మానేసింది. "ఎదురింటి పిల్లకి ఆరేళ్ల కిందటే 700 వచ్చింది కదరా తమ్ముడూ, వీడికేమైంది?" అని.

ఆ మార్కులు చూసి కన్సల్టెంటు గారు పెదవి విరిచారు. "మార్కులు బాగానే ఉన్నాయి. ప్రాబ్లం ఏంటంటే మీవాడు జెమ్ సార్." రత్నం అంటున్నాడని మా అక్క మురిసిపోయింది. జెమ్ అంటే జనరల్, ఇంజినీరు, మేల్. క్యాట్ రాసే పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు. ఐఐఎంలు ఆడపిల్లలకీ ఇంజినీరింగు చదవనివాళ్లకీ కొన్ని పాయింట్లు కలపడం మొదలుపెట్టాక ఈ రత్నాలు కన్నీళ్లు కారుస్తున్నాయి. ఇన్నేళ్లూ తరగతి నిండా తామే కూర్చున్నప్పుడు మిగతావాళ్లు ఎక్కడున్నారని ఒక్క రత్నమూ అడగలేదు. ఇప్పుడు కాస్త జరగమంటే కులాసా చెడింది. సరే, అది వేరే గొడవ.

నా గొడవ ఒక గడితో. దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. చదువూ ఉద్యోగమూ కాకుండా నువ్వెవరివి, అంటుంది. ఈ పిల్లవాడిని ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్లో వేశాం. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేశాం. తెల్లవారకముందు స్టడీ అవరు, పొద్దుగూకాక స్టడీ అవరు, ఆదివారం వీకెండ్ టెస్టు. నెలకోసారి ఔటింగు, ఆ ఔటింగులో నిద్ర. చేతిలో బ్యాటు కనిపిస్తే లాక్కున్నాం. నోటుబుక్కు వెనక అట్ట మీద బొమ్మలేస్తుంటే, "బొమ్మలేస్తే ర్యాంకొస్తుందా?" అన్నాం. ఆ అన్నది నేనే, దాచుకోవడమెందుకు. ఇప్పుడు ఆ గడి ముందు వాడు రెండు రాత్రులు కూర్చున్నాడు. ఏ ప్రశ్నకైనా నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారని నేర్చినవాడు, ఆప్షన్లు ఎక్కడున్నాయా అని తెర కిందా మీదా వెతికాడు.

కన్సల్టెంటు గారు పాత తేదీ వేసి అభిరుచులు రాసిచ్చారు. తొమ్మిదో తరగతి నుంచి మృదంగం. మా రెండిళ్లలో కలిపి ఉన్న తాళవాద్యం ఇడ్లీ పాత్ర మూత ఒక్కటే.

తర్వాతది సేవ.

నగర శివార్లలో ఒక వృద్ధాశ్రమం. ఆదివారం పొద్దున గేటు ముందు వరసగా క్యాబులు. లోపల అరటిపండు ఒకటి, దాన్ని ఇస్తున్న చేతులు ఏడు, పుచ్చుకుంటున్న చెయ్యి ఒకటి. ఫొటో తీసేవాడు, "తాతా, కొంచెం ఇటు తిరుగు, కృతజ్ఞత కనపడట్లేదు" అంటున్నాడు. తాత తిరిగాడు, కృతజ్ఞత కనపడింది, పండు మళ్లీ గంపలోకి వెళ్లింది. ఆ పూట అదే పండు మూడు బ్యాచ్‌లకు పనిచేసింది. నాలుగో బ్యాచ్‌కి తొక్క నల్లబడిందని నలుపు తెలుపు ఫొటో తీశారు. మా వాడి స్లాటు పదకొండున్నరకి.

ఊరికే వెళ్లి పండు ఇస్తే చాలదు. సంస్థ ఉండాలి. సంస్థలో సభ్యుడైతే చాలదు, వ్యవస్థాపకుడై ఉండాలి. హైదరాబాదులో ఇప్పుడు సంఘసేవకు సభ్యులు కరువయ్యారు, ఎటు చూసినా వ్యవస్థాపకులే. ఒకడి సంస్థకి ఇంకొకడు డైరెక్టరు, ఇంకొకడి సంస్థకి ఈ ఒకడు సలహాదారు. చీటీ పాడుకున్నట్టు వంతులవారీగా నాయకత్వం ఎత్తుకుంటారు. పేరులో వెలుగు గానీ, చెయ్యి గానీ, రెక్క గానీ ఉంటే చాలు. సంస్థ ఆయుష్షు రిజల్టు వచ్చేదాకా. సీటు వస్తే వ్యవస్థాపకుడు అమెరికా వెళతాడు, రాకపోతే వచ్చే ఏటికి సంస్థ పేరు మారుస్తాడు.

ఈ విద్యలో మనమే మొనగాళ్లమని మురిసిపోనక్కర్లేదు. అమెరికాలో 2019లో బయటపడ్డ కాలేజీ సీట్ల కుంభకోణంలో, పడవ నడపడం రాని పిల్లల్ని తెడ్డు వేసే యంత్రం మీద కూర్చోబెట్టి ఫొటో తీసి క్రీడాకారులుగా పంపించారు. సినిమాతారలతో సహా కొందరు తల్లిదండ్రులు జైలుకి వెళ్లొచ్చారు. మన అరటిపండు మీద ఇంకా కేసు నమోదు కాలేదు.

ఉద్యోగం సంగతి చెప్పలేదు కదూ. మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ. 14 నెలల్లో ఐదు నెలలు బెంచి. బెంచి అంటే జీతం వస్తుంది, పని రాదు. మా వాడు ఆ ఐదు నెలలూ కంపెనీ క్యాంటీన్లో అల్లం టీ తాగుతూ, తనని తీసేస్తారేమోనని భయపడుతూ గడిపాడు. రెజ్యూమేలో అది "స్ట్రాటజిక్ అప్‌స్కిల్లింగ్" అయింది. టీం లీడు పుట్టినరోజుకి పన్నెండుమంది దగ్గర తలా వంద వసూలు చేసి కేకు తెప్పించాడు. అది "క్రాస్ ఫంక్షనల్ స్టేక్‌హోల్డర్ల నుంచి నిధుల సమీకరణ". పంచేసరికి కేకు అయిపోయి వాడికి ముక్క దక్కలేదు. దాన్ని "సర్వెంట్ లీడర్‌షిప్" కింద వేశారు. మా వాడు ఆ రెజ్యూమే చదివి, "మామయ్యా, ఈయనెవరో చాలా పెద్ద మనిషిలా ఉన్నాడు, ఈయన దగ్గర ఉద్యోగం దొరికితే బాగుండు" అన్నాడు.

సిఫారసు లేఖల దగ్గర మా బావ, అంటే వాడి నాన్న, రంగంలోకి దిగాడు. మండల కేంద్రంలో నలుగురు తెలిసిన మనిషి. ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్ పట్టుకొచ్చాడు. అందులో, "ఈ పత్రము తెచ్చు యువకుడు నాకు చిన్ననాటి నుండి తెలిసినవాడు, సద్వర్తనుడు, ఇతనికి మరియు కుటుంబ సభ్యులు ఐదుగురికి తగు ఏర్పాట్లు చేయగలరు" అని ఉంది. తిరుమల బ్రేక్ దర్శనం కాగితమే, దర్శనం అన్నచోట అడ్మిషను అని మార్చారు. కుటుంబ సభ్యులు ఐదుగురినీ మార్చడం మరిచిపోయారు. హార్వర్డ్ వాళ్లు ఆరుగురికి సీట్లిస్తే మా అమ్మని కూడా పంపిద్దామని కాసేపు ఆశపడ్డాం.

నిజానికి స్కూళ్లు అడిగేది పెద్ద పేరుని కాదు, నీ పని దగ్గరుండి చూసినవాడిని. అంటే టీం లీడు. ఆయన మంచివాడే. "నువ్వే రాసుకుని తీసుకురా, పంపించేస్తా" అన్నాడు. ఇక్కడే ఉంది అసలు సొగసు. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి సిఫారసు పత్రంలో ఒక ప్రశ్న ఉంటుంది. మీరు ఈ అభ్యర్థికి చెప్పిన ముఖ్యమైన దిద్దుబాటు ఏమిటి, దానికి అతను ఎలా స్పందించాడు, అని. అంటే మా వాడు టీం లీడు వేషంలో తనని తాను మందలించుకోవాలి. మళ్లీ తన వేషంలోకి వచ్చి ఆ మందలింపుని వినయంగా స్వీకరించాలి. మళ్లీ టీం లీడై ఆ వినయానికి ముగ్ధుడవ్వాలి. ఒకే మనిషి మూడు పాత్రలు కట్టడం మన తెలుగు సినిమాకి కొత్త కాదు గానీ, అక్కడ కనీసం మేకప్ మారుస్తారు. మొదటి ప్రయత్నంలో వాడు తనని మరీ గట్టిగా తిట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి అలవాటు. "ఇలా రాస్తే సీటు రాదు, ఉన్న ఉద్యోగం పోతుంది" అని కన్సల్టెంటు గారు దాన్ని "మరీ పర్ఫెక్షన్ కోరుకుంటాడు"గా దిద్దారు.

ఒకరోజు ఆయన ఆఫీసుకి నేనూ వెళ్లాను. గోడ నిండా సత్య నాదెళ్ల. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయన, మనవాడు, బాగుంది. కానీ ఆయన ఎంబీఏ చేసింది మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో విమానమెక్కి చికాగో వెళ్లి. పట్టా పుచ్చుకున్నది 1997లో, అప్పటికి ముప్పయ్యో పడి దగ్గర. ఎంబీఏ చేసి ఉద్యోగస్తుడు కాలేదు, ఉద్యోగస్తుడయ్యాక ఎంబీఏ చేశాడు. పోస్టరు మీద ఆ ముక్క వేయడానికి చోటు చాల్లేదనుకుంటా.

ఆ గోడ మీద ఉండాల్సిన ఫొటో ఇంకొకటి ఉంది. 22 ఏళ్ల కుర్రాళ్ల కేసుకి అంతకన్నా సరిపోయే మనిషి దొరకడు. రజత్ గుప్తా 1971లో ఐఐటీ ఢిల్లీ నుంచి బయటికొచ్చి, చేతిలో ఉన్న ఐటీసీ ఉద్యోగం కాదనుకుని తిన్నగా హార్వర్డ్ వెళ్లాడు. ఉద్యోగానుభవం సున్నా. 1973లో చదువైపోయాక మెకిన్సీ కంపెనీ అనుభవం లేదని మొదట తిప్పికొట్టింది, ఆయన్ని ఎరిగిన ప్రొఫెసరు ఒకాయన ఉత్తరం రాస్తే తీసుకుంది. 1994లో ఆ కంపెనీకే అధిపతయ్యాడు. ఐఎస్‌బీ స్థాపనలో ముందు నిలిచింది ఆయనే. ముంబయి, బెంగళూరు పోటీ పడుతుంటే చంద్రబాబు నాయుడు ఆ స్కూలుని హైదరాబాదుకు పట్టుకొచ్చారు. గచ్చిబౌలిలో 260 ఎకరాలు, 2001లో తలుపులు తెరిచారు. ఇప్పుడు ఆ స్కూలు పీజీపీకి రెండేళ్ల అనుభవం కావాలి. 1971 నాటి రజత్ గుప్తా ఈరోజు ఆటో దిగి వస్తే, తాను కట్టించిన గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపి, కుర్రవాళ్లకు యంగ్ లీడర్స్ అని వేరే తలుపుంది బాబూ, అటు వెళ్లు అంటాడు.

కథ అక్కడితో అయిపోలేదు. 2012లో న్యూయార్క్ కోర్టు ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో ఆయనకి రెండేళ్ల జైలు వేసింది. అనుభవం లేదని తలుపులు మూసుకున్నరోజు ఆయనలో ఏ లోపమూ లేదు. లోపం బయటపడింది నలభై ఏళ్ల అనుభవం తర్వాత. బోర్డు గదిలో విన్నమాట బయటికి ఫోను చేసి చెప్పే అలవాటు నీకుందా, అని అడిగే గడి ఏ స్కూలు దరఖాస్తులోనూ నాకు కనపడలేదు. మృదంగం వచ్చా అని మాత్రం అడుగుతున్నారు.

ఈ సంగతి ఎత్తితే కన్సల్టెంటు గారు నవ్వి, "అలాంటివి నెగటివ్ సార్" అన్నారు.

మా వాడి నోటుబుక్కు ఆయన బల్ల మీద ఉంది. తిరగేశాను. మొదటి పేజీలో వాడు సొంతంగా రాసుకున్న ఒక పేరా, దాని మీద అడ్డంగా ఎర్రగీత. అందులో ఉన్నది మాకందరికీ తెలిసిందే, అందుకే ఎవరికీ గుర్తు లేదు.

ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రంలో మా బావకి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. 2020 వానాకాలం. హాస్టలు మూసేశారు, వీడు ఇంటికొచ్చాడు. సరిగ్గా యూరియా అదనులో బావకి కోవిడ్ వచ్చి వెనక గదిలో పడ్డాడు. 16 ఏళ్లవాడు దుకాణంలో కూర్చున్నాడు. పొద్దున షట్టరు ఎత్తేసరికి మనుషులకు బదులు చెప్పులూ పాస్‌బుక్కులూ వరసలో ఉండేవి. బస్తా ఇవ్వాలంటే మిషను మీద వేలిముద్ర పడాలి. పని చేసి చేసి గీతలు అరిగిపోయిన వేళ్లు, మిషను ఒప్పుకోదు. వీడు తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని తుడిచి, ఆ వేలు కాకపోతే ఈ వేలు, నీది కాకపోతే ఇంట్లో ఇంకొకరిది, అంటూ ఒక్కొక్కరినీ దాటించాడు. పేరు పిలిచి పాస్‌బుక్కు ఇవ్వడం మొదలుపెట్టాక వరసలో కొట్లాటలు తగ్గాయి. అప్పు పద్దులన్నీ ఫోనులోకి ఎక్కించాడు. ఎవరు పత్తి అమ్మాక ఇస్తారో, ఎవరు పత్తి అమ్మినా ఇవ్వరో తెలిసింది.

ఒక రైతు పత్తిచేనుకి ఖరీదైన మందు అప్పుమీద అడిగాడు. "ఇప్పుడు కొట్టినా దండగే బాబాయ్, పురుగు దాటిపోయింది" అని వీడు ఇవ్వలేదు. వెనక గదిలోంచి బావ దగ్గుతూనే తిట్టాడు, చేతికొచ్చిన బేరం పోగొట్టావని. ఆ బాబాయ్ తర్వాతి ఏడాది విత్తనాలకు పక్క కొట్టుకి పోకుండా ఇక్కడికే వచ్చాడు, ఇంకో ముగ్గుర్ని తీసుకుని. అంతే ఆ పేరా.

"ఇది ఎందుకు కొట్టేశారండీ?" అన్నాను.

"షాపు కామన్ సార్. ఇండియా నుంచి సగంమంది ఫ్యామిలీ బిజినెస్సే రాస్తారు. పైగా పురుగుమందులు. ఫారిన్‌లో పర్యావరణం సెన్సిటివ్." మళ్లీ ఆయనకే ఏదో తట్టింది. "అవునూ, ఫాదర్‌కి కోవిడ్ అన్నారు. ఎంతదాకా వెళ్లింది? వెంటిలేటరు?"

"లేదండీ. జ్వరం. కొన్నాళ్లు వాసన తెలియలేదు" అన్నాడు మా వాడు.

"ఛ" అన్నారాయన.

ఆయన్ని మాత్రం ఏమని అనను? ఆయన దర్జీ. కొలతలిచ్చింది వేరేవాళ్లు. "నిజాయితీగా రాయండి, మీలా మీరు రాయండి" అంటాయి స్కూళ్లు. ఎలా ఉండాలో మాత్రం తమ వెబ్‌సైటులో నవ్వుతున్న ముఖాలతో చూపిస్తాయి. నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి, ఎందుకు, అని అడుగుతుంది స్టాన్‌ఫర్డ్. మా వాడి నిజమైన జవాబు బెంచి మీదనుంచి తీసేయకుండా ఉండటం. హార్వర్డ్ 2024లో పాత వ్యాసం తీసేసి మూడు చిన్న ప్రశ్నలు పెట్టింది. వ్యాపార దృష్టికి 300 మాటలు, నాయకత్వానికి 250, ఎదుగుదలకు 250. తడిగుడ్డ సంగతి చెప్పాలంటే ముందు యూరియా సంగతి చెప్పాలి, యూరియా చెప్పాలంటే వేలిముద్ర మిషను చెప్పాలి, అది చెప్పేసరికి 250 అయిపోతాయి. అమ్మమ్మ పోయిందనడానికి రెండు మాటలు చాలు. ఏడాదికి ట్యూషనే 70 వేల డాలర్లు దాటే చోట మాటలకు ఇంత పొదుపెందుకో. ఇక "ఎంబీఏ ఇప్పుడే ఎందుకు? ఇంకో రెండేళ్లాగి రావచ్చుగా?" అని కుర్రవాళ్లని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. నిజం చెప్పాలంటే, ఇంకో రెండేళ్లాగితే వాడికి పెళ్లి చేసేస్తుంది మా అక్క.

సీటు చేతికిచ్చాక చాలా స్కూళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషను చేయిస్తాయి. ఉద్యోగం, మార్కులు, జీతం, సేవ, అన్నీ ఫోన్లు చేసి కనుక్కుంటారు. మృదంగానికి సాక్ష్యం అడగరని కన్సల్టెంటు గారి భరోసా. సేవకి మాత్రం ముద్ర ఉన్న కాగితం కావాలి. అందుకని మొన్న ఆదివారం వాడిని తీసుకుని మళ్లీ ఆ వృద్ధాశ్రమానికి వెళ్లాను.

వరండాలో మేజా వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. అరటిపండు ఫొటోలో పుచ్చుకున్న చెయ్యి ఆయనదే. ముందు రిజిస్టరు, స్టాంపు ప్యాడు, ఎర్రసిరా పెన్ను. రిటైరైన తెలుగు హెడ్‌మాస్టరట. ఆశ్రమం వాళ్లు ఈ కాగితాల పని ఆయనకి అప్పజెప్పారు.

"ఏ స్కూలు నాయనా? ఐఎస్‌బీ అయితే ఇంపాక్ట్ అని రాస్తే చాలు. హార్వర్డ్ అయితే ట్రాన్స్‌ఫర్మేషన్ అని పడాలి. వ్యాసం తెచ్చావా? ఇలా ఇవ్వు, దానికీ దీనికీ పొత్తు కుదరాలి కదా."

కళ్లజోడు సర్దుకుని చదివారు. ప్యాషన్ అనే మాట మూడుసార్లు వచ్చిందని రెండు కొట్టేశారు. రెండో పేజీ దగ్గర ఆగారు. "ఇందులో నేనెక్కడున్నాను?"

మా వాడు చెప్పులకేసి చూస్తూ, "అదే మాస్టారూ, ఆ చదువురాని తాత. నా దగ్గర అక్షరాలు దిద్దుకుని తన పేరు రాయడం నేర్చుకున్నాడని..." అన్నాడు.

నేను తల తిప్పుకున్నాను. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. "నయమే. పోయిన నెల వచ్చిన పిల్లాడు నన్ను చంపేశాడు. అంతకుముందు అమ్మాయి రెండు కళ్లూ తీసేసింది. నువ్వు అక్షరాలేగా నేర్పావు."

కాగితం ముందుకు లాక్కుని, అడుగున ఖాళీ చోటు దగ్గర వేలు పెట్టి, వాడి మొహంలోకి చూశారు.

"ఇది ఏ తేదీతో ఇవ్వాలి నాయనా? నువ్వు నేర్పకముందు తేదీయా, నేర్పిన తర్వాతదా? సంతకం పెట్టాలో, వేలిముద్ర వేయాలో తెలియాలి కదా."